21 గేర్ల సైకిల్: ముందు ఫోర్కు తిప్పండి, తర్వాత సీటు, ఆ తర్వాతే గేర్లు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఆన్‌లైన్‌లో 26 అంగుళాల చక్రాల 21 గేర్ల సైకిల్ కొన్నారు. డబ్బాలో వచ్చింది, ఇంట్లోనే బిగించుకున్నారు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తున్నారు. వారం తిరక్కుండానే మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చైను ఊడిపోవడం మొదలైంది. ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొడతారని ఎవరో చెప్పడంతో వెనక బ్రేకు ఒక్కటే వాడుతున్నారు. దసరా సెలవుల్లో వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకి వెళ్లాలని ఉంది. సైకిల్ నాసిరకమా, అమ్మేసి ఖరీదైనది తీసుకోవాలా అని అడిగారు.

అమ్మకండి. మీరు చెప్పిన వాటిలో సైకిల్ నాణ్యత వల్ల వచ్చింది ఒక్కటీ కనబడలేదు. రెండు లక్షల సైకిల్‌ని ఇలాగే బిగించి, ఇలాగే తొక్కినా ఇవే ఇబ్బందులు వస్తాయి. అయితే మీరు పెట్టిన ఫొటోలో మీరు అడగని విషయం ఒకటి కనిపించింది. దాని సంగతి తేలేదాకా సైకిల్ రోడ్డెక్కించకండి.

ముందు బ్రేకు చేతులు రెండూ ఫోర్కుకి (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల గొట్టానికి) వెనక వైపు, అంటే మీ కాళ్ల వైపు ఉన్నాయి. అంటే ఫోర్కు వెనక్కి తిరిగి ఉంది. డబ్బాలో ఇమడడానికి ఫోర్కుని తిప్పి పంపుతారు. ఇంట్లో బిగించేవాళ్లు హ్యాండిల్ తిన్నగా పెట్టుకుని చక్రం తగిలించేస్తారు, ఫోర్కు దిశ చూసుకోరు. రిమ్ముని రెండు పక్కల నుంచి రబ్బర్లతో పట్టే వీ బ్రేకుల సైకిల్‌కి బ్రేకు చేతులు ముందుకి ఉండాలి. డిస్క్ బ్రేకు అయితే డిస్కూ, దాన్ని పట్టే కాలిపరూ మీ ఎడమ వైపు ఉండాలి, కుడి వైపు కనబడితే ఫోర్కు తిరగబడినట్టే. ఇలా తిరగబడితే ముందు చక్రం పెడల్‌కి దగ్గరైపోతుంది. మలుపులో కాలి బొటనవేలు టైరుకి తగులుతోందని మీరు రాసింది అందుకే. బరువంతా ముందు చక్రం మీదికి జరుగుతుంది కాబట్టి ముందు బ్రేకు నొక్కితే పల్టీ కొట్టే అవకాశం కూడా పెరుగుతుంది. మీకు చెప్పినాయన భయం పూర్తిగా ఉత్తది కాదు, అయితే తప్పు బ్రేకుది కాదు.

సరిచేయడం పావుగంట పని. హ్యాండిల్‌ని ఫోర్కుకి పట్టి ఉంచే స్టెమ్ పక్కన రెండు ఆలెన్ బోల్టులు ఉంటాయి. వాటిని వదులు చేసి, హ్యాండిల్ కదలకుండా పట్టుకుని, చక్రాన్ని సగం చుట్టు తిప్పండి. పైన మూత మీదున్న బోల్టు జోలికి వెళ్లొద్దు. బ్రేకు వైరు మెలిపడకుండా చూసుకోండి. చక్రం, హ్యాండిల్ ఒకే సూటిలో ఉన్నాయని పై నుంచి చూసి, రెండు బోల్టుల్నీ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. టార్క్ రెంచీ దొరికితే సాధారణంగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, స్టెమ్ మీద అంకె ముద్రించి ఉంటే అదే లెక్క. రెంచీ లేకపోతే బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్‌ని గట్టిగా అటూ ఇటూ తిప్పండి. కదలకూడదు. తర్వాత ముందు బ్రేకు నొక్కి పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ కింద బేరింగ్ దగ్గర టకటక వినిపిస్తే హెడ్‌సెట్, అంటే ఆ బేరింగుల జత, వదులుగా ఉన్నట్టు. అది సైకిల్ షాపులో చూపించుకోండి.

ఇంట్లో బిగించిన సైకిల్ కాబట్టి పెడళ్లు కూడా చూడాలి. ఎడమ పెడల్ కిర్రుమంటోందన్నారు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిప్పితే బిగుస్తుంది. ఇరుసు చివర ఎల్, ఆర్ అనే అక్షరాలు చెక్కి ఉంటాయి, ఏది ఏ వైపుదో వాటిని చూసి పోల్చుకోండి. పెడల్ విప్పి మర పళ్లు చూడండి. లోహపు తరకలు రాలుతుంటే బలవంతంగా వంకరగా ఎక్కించారన్నమాట. అప్పుడు ఆ క్రాంకు (పెడల్ బిగించి ఉండే చెయ్యి) మార్చడమే మేలు, ఎందుకంటే పెడల్ తొక్కుతుండగా ఊడొస్తుంది. మర బాగుంటే కొంచెం గ్రీజు రాసి, ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించి, ఆ తర్వాతే స్పానర్ పెట్టండి. క్రాంకుల మధ్య బోల్టులు కూడా గట్టిగా బిగించాలి. అవి వదులుగా ఉండగా కొన్నాళ్లు తొక్కితే క్రాంకు నలుచదరపు రంధ్రం అరిగిపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు.

చక్రం తీసి పెట్టుకునే క్విక్ రిలీజ్ లీవర్‌ని చాలామంది నట్టులా గుండ్రంగా తిప్పి వదిలేస్తారు. అది అలా పనిచేయదు. లీవర్ చక్రానికి అడ్డంగా, తిన్నగా బయటికి చూస్తున్నప్పుడు బిగువు తెలియడం మొదలవ్వాలి. అక్కణ్నుంచి అరచేత్తో నొక్కి మూయాలి. మూశాక అరచేతిలో అచ్చు పడాలి, బిగువు ఆ మాత్రం ఉండాలి. చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ వీ బ్రేకు వంపు గొట్టాన్ని దాని కొక్కెంలో తిరిగి తగిలించారో లేదో లీవర్ నొక్కి చూసుకోండి. తగిలించడం మరిచిపోతే ముందు బ్రేకు ఉన్నా లేనట్టే.

ఇక మోకాలు. చిప్ప ముందు నొప్పి వస్తుంటే మొదట అనుమానించాల్సింది సీటు ఎత్తు తక్కువ ఉండడాన్నే. మామూలు సైకిళ్లమీద రెండు పాదాలూ నేలకి ఆనేలా కూర్చోవడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. గేర్ సైకిల్ మీద ఆ ఎత్తులో కూర్చుంటే మోకాలు ప్రతి తొక్కుకీ మరీ ఎక్కువగా ముడుచుకుని, ఆ ముడుపులోంచే బలం పెట్టాల్సొస్తుంది. ఆఫీసు దూరమంతా అలా తొక్కితే ఎవరికైనా నొప్పే.

సీటు ఎత్తు చూసుకోవడం ఇలా. మీరు తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకుని, గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్ అట్టడుగున ఉండగా దాని మీద మడమ పెట్టండి. కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకి ఒరగకూడదు. అలా కుదిరిన ఎత్తులో, పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. కావలసింది ఆ వంపే. లెక్క ప్రకారం చూడాలనుకుంటే చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకం నిట్టనిలువుగా పైకి నొక్కి పెట్టి, దాని పై అంచు నుంచి నేలకి కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. 80 సెంటీమీటర్లు వస్తే సీటు 70.6 దగ్గర. దీన్ని మొదలుపెట్టే చోటుగానే తీసుకోండి. అక్కణ్నుంచి ఒక్కోసారి 5 మిల్లీమీటర్లు మాత్రమే జరుపుతూ, మధ్యలో రెండు మూడు రోజులు తొక్కి చూడండి. చిప్ప ముందు నొప్పి ఉంటే కొంచెం పైకి, మోకాలి వెనక లాగుతుంటే, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే కొంచెం కిందికి. సీటు గొట్టం మీద కనీసం ఎంత లోపల ఉండాలో చెప్పే గీత ఉంటుంది, అది ఎప్పుడూ ఫ్రేములో దాగి ఉండాలి. అది బయటపడితేగానీ మీకు ఎత్తు సరిపోవడం లేదంటే ఫ్రేము మీకు చిన్నదన్నమాట, పొడవైన గొట్టం కొనాలి లేదా ఫ్రేమే మార్చాలి.

ఇలా పెంచాక సిగ్నల్ దగ్గర సీటు మీద కూర్చుని కాళ్లు ఆనించలేరు. మొదటి రోజు భయమేస్తుంది. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగి, ఫ్రేము గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడాలి. బయల్దేరేటప్పుడు కుడి పెడల్‌ని పైకి, కొంచెం ముందుకి తెచ్చుకుని, దాని మీద అడుగేస్తూ సీటెక్కాలి. ఖాళీ చోట కాసేపు సాధన చేస్తే అలవాటైపోతుంది.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం అంటే అరచేతి ఆ వైపు మడమ దగ్గరున్న నరం నొక్కుకుపోతోందని. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. వాలి ఉంటే ఒళ్లంతా ముందుకి జారి, బరువు చేతుల మీద పడుతుంది. సీటు మీద ఒక స్కేలు పెట్టి నేలకి సమాంతరంగా చేయండి. బ్రేకు లీవర్లు నేలకి సమాంతరంగా కాకుండా కొంచెం కిందికి వాల్చండి, మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతగా ఉండాలి, మణికట్టు విరిగినట్టు వంగకూడదు. మోచేతులు బిగబట్టకండి. ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో తిమ్మిరి తగ్గకపోయినా, సైకిల్ దిగాక కూడా ఉండిపోయినా డాక్టరుకి చూపించండి. మెత్తటి జెల్ సీట్ కవరు మాత్రం కొనకండి. పది నిమిషాలు హాయిగా ఉంటుంది, గంట తర్వాత తొడల మధ్య ఒరిపిడి మొదలవుతుంది.

ఇప్పుడు గేర్లు. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి, మీ మోకాలికీ చైనుకీ రెండింటికీ సంబంధం ఉంది.

గేర్లు వేగం కోసమని అందరూ అనుకుంటారు. అసలు పని వేరే. రోడ్డు ఎత్తైనా పల్లమైనా, ఎదురుగాలి వీచినా, మీ కాళ్లు ఒకే లయలో, ఒకే మాదిరి బరువుతో తిరుగుతూ ఉండడానికే గేర్లున్నాయి. నిమిషానికి 70 నుంచి 90 చుట్లు కాళ్లు తిరిగితే చాలామందికి హాయిగా ఉంటుంది. మీరు ఎప్పుడూ ముందు 3, వెనక 6 లేదా 7లోనే తొక్కుతానన్నారు. ఆ గేర్లలో మీ కాళ్లు నిమిషానికి యాభై చుట్లు కూడా తిరగవు, ప్రతి చుట్టుకీ మెట్లెక్కినంత బలం పెట్టాలి. సీటు కిందికి ఉండి పైగా గేరు ఇంత బరువుగా ఉంటే మోకాలు ఏం చేస్తుంది?

ఈ తరగతి సైకిళ్లకి సాధారణంగా ముందు 42, 34, 24 పళ్ల చక్రాలు, వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు చక్రాల ఫ్రీవీల్ వస్తాయి. మీదీ అదే అనుకుని లెక్క వేద్దాం. ముందు 42, వెనక 14 అంటే క్రాంకు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది, సైకిల్ దాదాపు 6.2 మీటర్లు కదులుతుంది. ముందు 24, వెనక 28 అయితే ఒక చుట్టుకి 1.8 మీటర్ల లోపే. అదే కాలు, అదే బలం, మూడున్నర రెట్ల తేడా. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా చదును రోడ్డు మీద ముందు 34, వెనక 18 పెట్టుకుని నిమిషానికి 80 చుట్లు తొక్కి చూడండి. గంటకి 18, 19 కిలోమీటర్ల వేగం వస్తుంది, చెమట తక్కువ, మోకాలికి బరువు తక్కువ. ముందు గేర్లు మార్చే ఎడమ షిఫ్టర్ 2 మీద ఉంచి, వెనక గేర్లు మార్చే కుడి షిఫ్టర్‌నే పైకీ కిందికీ మార్చుకుంటూ పోతే ఊళ్లో రోజువారీ తిరుగుడుకి దాదాపుగా సరిపోతుంది.

21 గేర్లు అని రాసినా నిజంగా వేరువేరుగా ఉండేవి 21 కావు. 42 ముందు, 28 వెనక పెడితే నిష్పత్తి ఒకటిన్నర. 24 ముందు, 16 వెనక పెట్టినా సరిగ్గా ఒకటిన్నరే. 34తో 22 పెట్టినా దాదాపు అంతే. ఒకే బరువు మూడు చోట్ల దొరుకుతోంది కదా, అందులో చైను తిన్నగా నడిచేది ముందు మధ్య చక్రంతో, అంటే 34తో 22 పెట్టినప్పుడే. ముందు పెద్దది, వెనక పెద్దది పెడితే చైను ఏటవాలుగా లాగబడి, గరగరమని మోగి త్వరగా అరుగుతుంది. ముందు చిన్నది, వెనక చిన్నదీ అంతే. ఎడమ 3లో ఉంటే కుడి 4 నుంచి 7, ఎడమ 1లో ఉంటే కుడి 1 నుంచి 4, ఎడమ 2లో ఉంటే రెండు చివర్లూ తప్ప ఏదైనా. ఇది గుర్తుంటే చాలు.

ఫ్లైఓవర్ మీద చైను ఎందుకు ఊడుతోందో మీరు రాసిన వాక్యంలోనే ఉంది: ‘సగం ఎక్కాక కాళ్లు ఆగిపోతుంటే ముందు గేరు 3 నుంచి 1కి లాగుతాను’. పూర్తి బలంతో బిగిసి ఉన్న చైనుని ముందు డిరైలర్ (చైనుని ఒక పళ్ల చక్రం మీంచి మరోదాని మీదికి నెట్టే భాగం) ఒకేసారి రెండు చక్రాలు దింపలేదు. నెట్టినప్పుడు చైను చిన్న చక్రాన్ని కూడా దాటి ఫ్రేము మీద పడుతుంది. గేరు మార్చేటప్పుడు పెడల్ తిరుగుతూ ఉండాలి, కానీ కాలి మీద బలం ఉండకూడదు. రెండూ ఒకేసారి కావాలి. ఎత్తు కనబడగానే, ఇంకా వేగం ఉండగానే, ముందు గేరు 3 నుంచి 2కి తెచ్చేయండి. ఎక్కుతూ వెనక గేర్లు ఒక్కొక్కటిగా తేలిక చేసుకోండి. నిటారు ఎత్తు అయితే మొదలవక ముందే 1కి. మార్చే ముందు అర చుట్టు గట్టిగా తొక్కి, మరుక్షణం కాలు తేలిక చేసి షిఫ్టర్ కదపండి. చప్పుడు లేకుండా గేరు పడితే సరిగా చేశారన్నట్టు. సిగ్నల్ దగ్గర ఆగే ముందే తేలిక గేరులోకి రండి. ఆగిన సైకిల్ మీద షిఫ్టర్ తిప్పితే బయల్దేరేటప్పుడు మొదటి తొక్కుకే చైను కరకరమంటుంది.

అప్పటికీ కదులుతుండగా చైను ముందు చిన్న చక్రం మీంచి లోపలికి పడితే, ఆగిపోకుండా ముందు గేరు 2కి మార్చి మెల్లగా తొక్కండి. చాలాసార్లు దానంతట అదే ఎక్కుతుంది. వెనక పెద్ద చక్రం దాటి స్పోకుల్లోకి పడితే మాత్రం వెంటనే ఆపేయాలి.

సరిగా మారుస్తున్నా వెనక గేరు తనంతట తాను జారుతుంటే డిరైలర్ సంగతి చూడాలి. స్క్రూడ్రైవర్ తీసే ముందు సైకిల్ వెనక కూర్చుని ఒకసారి చూడండి. ఫ్రీవీల్ పళ్ల చక్రాలు నిలువుగా ఉంటాయి. డిరైలర్ కింద రెండు చిన్న చక్రాల పంజరం కూడా అదే నిలువు గీతలో ఉండాలి. అడుగు భాగం స్పోకుల వైపు వాలి ఉంటే డిరైలర్ వేలాడే హ్యాంగర్ వంగిందన్నమాట. మన అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో ఇది మామూలే. పక్క బైకు ఆనుకుంటుంది, వాచ్‌మన్ జరిపి కుడి పక్కకి ఆనిస్తాడు, పిల్లలు పడేస్తారు. హ్యాంగర్ వంగి ఉండగా ఎన్ని స్క్రూలు తిప్పినా ఒక గేరు కుదిరితే మరొకటి చెడుతుంది. దాన్ని నిటారు చేసే పరికరం మంచి గేర్ సైకిళ్ల షాపుల్లో ఉంటుంది. అక్కడ తిన్నగా చేయించండి, లేదా మార్పించండి. సైకిల్‌ని ఎప్పుడైనా నేల మీద పడుకోబెట్టాల్సి వస్తే ఎడమ వైపు పడుకోబెట్టండి.

హ్యాంగర్ తిన్నగానే ఉంటే, సమస్య దాదాపుగా గేరు వైరు సాగడమే. కొత్త వైర్లు మొదటి కొన్ని వారాల్లో కొంచెం వదులవుతాయి. వైరు డిరైలర్‌లోకి దూరే చోట చేత్తో తిప్పే చిన్న గుండ్రటి అడ్జస్టర్ ఉంటుంది. సైకిల్ వెనక చక్రం గాల్లో ఉండేలా ఎవరినైనా పట్టుకోమని, పెడల్ చేత్తో తిప్పుతూ, గేరు 7 నుంచి 6కి ఒక క్లిక్ మార్చండి. చైను ఎక్కకపోయినా, ఆలస్యంగా ఎక్కినా అడ్జస్టర్‌ని వెనక నుంచి చూస్తూ గడియారానికి వ్యతిరేక దిశలో అర చుట్టు తిప్పండి. ఎక్కి పై చక్రానికి రాసుకుంటూ మోగుతుంటే గడియారం దిశలో పావు చుట్టు. ఇలా ఒక్కో గేరూ చూసుకుంటూ 1 దాకా వెళ్లి, తిరిగి రండి.

హెచ్, ఎల్ అని రాసున్న రెండు చిన్న స్క్రూలు వేరు. అవి డిరైలర్ రెండు చివర్లా ఎంత దూరం వెళ్లొచ్చో ఆపే హద్దులు, గేరు జారడానికి మందు కావు. వీటిని ఊరికే తిప్పితే, ముఖ్యంగా ఎల్ వదులు చేస్తే, గేరు 1లో డిరైలర్ నేరుగా తిరుగుతున్న స్పోకుల్లోకి వెళ్తుంది. చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది, డిరైలర్ విరుగుతుంది, మీరు పడతారు. చైను స్పోకుల్లోకి గానీ ఫ్రేము వైపు గానీ పడనంతవరకు వాటిని ముట్టుకోకండి.

చైను శుభ్రం గురించి మనవాళ్లలో ఒక అలవాటు ఉంది, వాడేసిన ఇంజనాయిల్ దండిగా పోయడం. పాత నల్ల సైకిళ్లకి చైను చుట్టూ రేకు కవరు ఉండేది, నడిచిపోయింది. గేరు చైను బయటికే ఉంటుంది. హైదరాబాద్ దుమ్ము ఆ జిడ్డుకి పట్టుకుని ఆకురాయి పేస్టులా తయారై పిన్నుల్ని తినేస్తుంది. నూనె ఉండాల్సింది రోలర్ లోపల, బయట పొడిగా ఉండాలి. గుడ్డకి కొంచెం డీజిల్ గానీ డీగ్రీజర్ గానీ తడిపి, చైనుని గుడ్డలో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పండి. గుడ్డ నల్లబడడం తగ్గేదాకా చేసి, పొడి గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. డీజిల్ చక్రాల ఇరుసుల్లోకి, ఫ్రీవీల్ లోపలికి పోకుండా చూడండి, అక్కడి గ్రీజు కరిగిపోతుంది. తర్వాత సైకిల్ చైను నూనె ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క. పది నిమిషాలు ఆగి, పైన కనిపించే నూనెంతా తుడిచేయండి. తుడవడం మానేస్తే పని సగమే అయినట్టు. డబ్ల్యూడీ 40 మామూలు డబ్బా తుప్పు వదల్చడానికి మంచిదే కానీ చైనుకి అది చాలదు, త్వరగానే ఆరిపోతుంది. రిమ్ము మీద గానీ, డిస్కు మీద గానీ ఒక్క చుక్క నూనె పడకూడదు. వానలో తడిసి వచ్చిన రోజు కనీసం పొడి గుడ్డతో తుడవండి. విశాఖ, కాకినాడ తీరంలో ఉండేవాళ్లకి ఉప్పు గాలి వల్ల ఇది వాన లేని రోజుల్లోనూ తప్పదు.

చైను ఎప్పుడు మార్చాలో స్టీలు స్కేలుతో తెలిసిపోతుంది. కొత్త చైనుకి ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలేసి లెక్కపెడితే వచ్చే ఇరవై నాలుగో పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు పెరిగేసరికి కొత్త చైను కొని ఉంచుకోండి, ఆ పాటికే మార్చేసినా మంచిదే. ఎనిమిదో వంతు దాకా పెరగనిస్తే ఆ సాగిన చైను ఫ్రీవీల్ పళ్లని కూడా తన కొలతకి అరగదీసి ఉంటుంది. అప్పుడు కొత్త చైను వేస్తే పాత పళ్ల మీద టక్కుటక్కుమని జారుతుంది, ఫ్రీవీల్ కూడా కొనాలి. అయినా అవి ఈ సైకిళ్లకి మరీ ఖరీదైనవి కావు. 7 గేర్ల ఫ్రీవీల్‌కి 6, 7, 8 స్పీడు చైను అని అడిగి తీసుకోండి.

బ్రేకు విషయానికొస్తే, వెనక బ్రేకు ఒక్కటే వాడడం ప్రమాదం. బ్రేకు పట్టగానే బరువు ముందుకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. ఆ తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నా జారుతుందే తప్ప సైకిల్ ఆగదు. పొడి రోడ్డు మీద ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. ఏ లీవర్ ఏ చక్రానిదో ముందు నొక్కి చూసుకోండి. మన దగ్గర కుడి చేతి లీవర్ ముందుది ఉండడం మామూలు, స్కూటర్లూ బైకులూ నడిపేవాళ్లకీ అదే అలవాటు. డబ్బాలో వచ్చినవాటికి ఒక్కోసారి తారుమారుగా ఉంటుంది. తారుమారైతే వైర్లు మార్పించుకోండి, కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

ఫోర్కు సరిచేశాక, ఓఆర్ఆర్ పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాకు ఉంది కదా, ఉదయం రద్దీ లేని వేళ అక్కడికి వెళ్లండి. తెరిచినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, కార్లూ బైకులూ ఉండవు. వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని రెండు బ్రేకులూ కలిపి పట్టడం సాధన చేయండి. నడుము సీటు మీద కొంచెం వెనక్కి జరిపి, చేతులు చాచి ఒళ్లుని ఆపుకుంటూ, ముందు బ్రేకుని ఒక్కసారిగా లాగకుండా పిండుతూ పెంచుకుంటూ పోండి. వెనక చక్రం తేలికవుతున్నట్టు అనిపించగానే ముందు బ్రేకు కొంచెం వదలాలి. ఆ స్పర్శ ఒకసారి తెలిస్తే భయం పోతుంది. మలుపులో, ఇసుక మీద, తడిసిన జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద మాత్రం ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. వేగం అక్కడికి చేరకముందే తగ్గించుకోవాలి. వానలో రిమ్ము తడిసి ఉంటే మొదటి రెండు మూడు చుట్లు బ్రేకు పట్టదు, నీళ్లు తుడుచుకుపోయాకే పడుతుంది, అందుకని ముందు నుంచే మెల్లగా తాకిస్తూ ఉండండి.

బ్రేకు రబ్బర్లు రిమ్ము మీదే ఆనాలి. టైరుకి తగిలితే టైరు కోసుకుపోతుంది. రబ్బరు మీది గాడులు మాయమైతే మార్చేయండి. లీవర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కి తగలకూడదు.

గాలి సంగతి టూకీగా చెప్తాను. టైరు పక్కన ముద్రించిన హద్దులే ప్రమాణం. 26 బై 1.95 టైర్లకి తరచుగా 40 నుంచి 65 పీఎస్ఐ అని ఉంటుంది. మీ 78 కిలోల బరువుకి ఊరి రోడ్ల మీద ముందు 45, వెనక 50 దగ్గర మొదలుపెట్టండి. మీటరున్న నిలువు పంపు ఒకటి కొనుక్కోండి. పెట్రోలు బంకు కంప్రెసరు సైకిల్ ట్యూబుని రెండు క్షణాల్లో పేల్చగలదు. గాలి తక్కువగా ఉంటే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఒక్క రంధ్రమే ఉంటే ముల్లో గాజు పెంకో. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో నిదానంగా తుడవండి. తుమ్మ ముల్లు మొన టైరులోనే ఉండిపోయి కొత్త ట్యూబుని కూడా గుచ్చుతుంది.

అనంతగిరి ప్రయాణానికి మీరింకా సిద్ధంగా లేరు. సీటు, గేర్ల అలవాటు కుదిరాక, ఆగకుండా రెండు గంటలు నొప్పి లేకుండా తొక్కగలిగినప్పుడు వెళ్లండి. మొదటిసారి సైకిల్‌ని కారులో గానీ రైల్లో గానీ వికారాబాద్ దాకా తీసుకెళ్లి, అక్కణ్నుంచి కొండెక్కండి. చేవెళ్ల దారిలో టిప్పర్లు, బస్సులు మెత్తగా పోవు. ఆ రోడ్డు మీద నిలకడగా ఒక గీత పట్టుకుని తొక్కడం వచ్చాకే దాని మీదికి వెళ్లాలి. దిగేటప్పుడు బ్రేకులు అదే పనిగా తాకించి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించుకుని, వదిలి, మళ్లీ పట్టండి. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి, సీటు మీంచి కొంచెం లేచి, మోకాళ్లు వదులుగా పెట్టుకుంటే గుంతల దెబ్బ ఒంటికి తగలదు.

మీరు వెళ్లాలనుకున్న కాలంలో పల్లెల్లో రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి ఉంటారు, ఇంకొన్నాళ్లకి వడ్లు. ఆ గింజల మీద చక్రం పడితే గోళీల మీద పడ్డట్టే, బ్రేకు పట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా తిన్నగా దాటాలి, వీలైతే దిగి నడిపించుకెళ్లండి. ఆరబోతకి హద్దుగా పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు. అమావాస్య మర్నాడు కూడళ్లలో పగిలిన దిష్టి గుమ్మడికాయ ముక్కలు కూడా అంతే జారతాయి. ఊళ్లో అయితే రోడ్డు అంచుకి మరీ ఒదిగి తొక్కకండి. అక్కడే ఇసుక, డ్రైనేజీ జాలీ, ఎదురొచ్చే రాంగ్ రూట్ బండి ఉంటాయి. ఆగి ఉన్న కార్ల తలుపు హఠాత్తుగా తెరుచుకుంటుంది, ఒక మీటరు ఎడం ఉంచండి. ముందున్న ఆర్టీసీ బస్సు స్టాపు వైపు ఒరుగుతుంటే దాని ఎడమ పక్కన దూరకండి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకుండా దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి, చాలామటుకు అక్కడితో వదిలేస్తాయి. హెల్మెట్ నుదుటి మీద, కనుబొమ్మలకి రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, వెనక్కి వాలిపోతే ఉపయోగం లేదు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించండి.

సర్వీసు ఎన్నాళ్లకని అడిగారు. మొదటి 150 కిలోమీటర్లలోపు ఒకసారి షాపులో చూపించి స్పోకుల బిగువు, చక్రాల వంకర సరిచేయించండి, కొత్త చక్రాలకి స్పోకులు కుదురుకుంటూ వదులవుతాయి. అప్పుడే క్రాంకు బోల్టులు, స్టెమ్ బోల్టులు మరోసారి బిగించమనండి. తర్వాత చైను శుభ్రం రెండు వారాలకోసారి, కొలత నెలకోసారి ఇంట్లో మీరే. చక్రాల ఇరుసుల్లో, హెడ్‌సెట్‌లో గ్రీజు ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక. రోజూ బయల్దేరే ముందు టైర్లు వేళ్లతో నొక్కి, రెండు బ్రేకులూ పట్టి, క్విక్ రిలీజులు మూసి ఉన్నాయో లేదో చూడడానికి అర నిమిషం పట్టదు. ఫోర్కు తిప్పాక ఎడమ పక్క నుంచి, వెనక నుంచి రెండు ఫొటోలు పెట్టండి. డిరైలర్ తిన్నగా ఉందో లేదో చూసి చెప్తాను.